ఇంటి ముందు బండి మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో రెండు బండ్లున్నాయి. ఒకటి నాన్న 2009లో కొన్న 100 సీసీ బైకు, కార్బొరేటర్‌ది, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాత రకం భాగం ఉన్నది. రెండోది ఇంజెక్షన్ స్కూటర్, అంటే కంప్యూటర్ అదుపులో ఇంజెక్టరు పెట్రోలు చిమ్మేది. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కారణాలతో రెండూ నన్ను గుమ్మం ముందు నిలబెట్టాయి. వీధిలో ఎవరి బండి స్టార్ట్ కాకపోయినా నాకు కబురు వస్తుంది. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు తెలిసినంత వివరంగా ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవన్నీ పెట్రోలు బైకులకు, స్కూటర్లకు సంబంధించినవే.

పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరితే బండి స్టార్ట్ కాలేదు. మొదట ఏం చేయాలి?

కిక్ కొట్టడం ఆపండి. సెల్ఫ్ బటన్ మీద నుంచి వేలు తీయండి. పది కిక్కులకు అందుకోని ఇంజను పదకొండో కిక్కుకు అందుకోవడం అరుదు. ఈలోగా ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు పెట్రోలుతో తడిసిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఉన్న ఒక్క సమస్యకు మరో రెండు తోడవుతాయి.

ఇప్పుడు హ్యాండిల్ దగ్గర కుడివైపున్న, ఇంజను ఆపే ఎర్ర స్విచ్ చూడండి. పిల్లలు బండెక్కి ఆడుకున్నా, పార్కింగ్‌లో ఎవరి చేయి తగిలినా అది ఆఫ్‌లోకి వెళుతుంది. కొన్ని బండ్లలో అది ఆఫ్‌లో ఉన్నా సెల్ఫ్ మామూలుగానే తిరుగుతుంది, ప్లగ్గుకు మాత్రం కరెంటు అందదు. అందుకే చాలామందికి దాని మీద అనుమానం రాదు. తర్వాత సైడ్ స్టాండు పూర్తిగా పైకి లేచిందో లేదో చూడండి. కొత్త బండ్లలో చాలావాటికి స్టాండు దగ్గర ఒక స్విచ్ ఉంటుంది, స్టాండు దిగి ఉంటే వాటిలో కొన్నిటి ఇంజను స్టార్ట్ కాదు. వానాకాలం బురద పట్టి, స్టాండు లేచినా ఆ స్విచ్ లేవకపోవడం మామూలే. నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, స్టాండును నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

గేరు న్యూట్రల్‌లో ఉందా? స్కూటరైతే బ్రేకు పట్టుకుని సెల్ఫ్ నొక్కుతున్నారా? బ్రేకు పట్టినా సెల్ఫ్ పలకకపోతే వెనక్కి వెళ్లి ఎర్ర దీపం వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే బ్రేకు లివర్ దగ్గరున్న చిన్న స్విచ్ పాడైనట్టు అనుమానించవచ్చు. రెండో వైపు బ్రేకు పట్టి ప్రయత్నిస్తే ఆ పూటకు గండం గడుస్తుంది.

ఇక పెట్రోలు. మీటరు ముల్లును నమ్మకండి, మూత తీసి చూడండి. పాత బండైతే ట్యాంకు కింద పెట్రోలు ట్యాప్ ఆన్‌లో ఉందా, రిజర్వుకు తిప్పాలా అన్నది చూసుకోండి. ట్యాంకులోకి చూడటానికి అగ్గిపుల్ల, లైటరు దగ్గరికి తేకూడదు. బండిని ఊపి చప్పుడు వినండి, లేదా టార్చి వెయ్యండి.

మరో జాగ్రత్త. ఈ పనులన్నీ ఆరుబయట చేయండి. మూసిన గదిలో, షట్టర్ దించిన పార్కింగ్‌లో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు, మనిషికి తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది.

సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మంటోంది, ఇంజను తిరగడం లేదు. ఎందుకు?

ఆ చప్పుడు రిలేది, అంటే బటన్ నొక్కగానే సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్‌ది. రిలే పనిచేసేంత కరెంటు బ్యాటరీలో ఉంది, మోటారును తిప్పేంత లేదు. లేదా బ్యాటరీ బాగానే ఉండి, దాని దగ్గర తీగ వదులైంది.

నేను మొదట హారన్ కొట్టి చూస్తాను. గట్టిగా మోగితే బ్యాటరీలో కొంత సత్తువ ఉన్నట్టే. గొంతు పూడిపోయినట్టు మోగితే బ్యాటరీ దిగిపోయింది. ఆ తర్వాత ఇండికేటర్ వేసి, అది మిణుకుతుండగా సెల్ఫ్ నొక్కుతాను. దీపం ఒక్కసారిగా ఆరిపోతే బ్యాటరీ బలహీనపడి ఉండాలి, లేదంటే తీగల బిగింపు సరిగా లేదు. దీపం ఏమాత్రం తగ్గకుండా, సెల్ఫ్ కూడా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే బ్యాటరీ జోలికి వెళ్లనక్కరలేదు, బటన్, స్టాండు స్విచ్, క్లచ్ స్విచ్, రిలే చూడాలి.

బ్యాటరీ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

కరెంటు పనిచేసేవాళ్ల దగ్గరుండే మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. రాత్రంతా నిలిపి ఉంచిన బండి బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టుల మధ్య చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12 వోల్టులకు దిగితే ఇంచుమించు ఖాళీ అయినట్టే. సెల్ఫ్ నొక్కినప్పుడు కాస్త పడిపోవడం సహజం, కానీ తొమ్మిదిన్నర కంటే దిగువకు జారితే బ్యాటరీ ముసలిదైపోయింది. ఇంజను నడుస్తూ కాస్త యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు 14 వోల్టులకు అటూ ఇటూగా ఉండాలి. ఉండకపోతే కొత్త బ్యాటరీ వేసినా వారం తిరిగేసరికి అదీ దిగిపోతుంది, లోపం ఛార్జింగ్‌లో ఉంది. డబ్బు పెట్టి బ్యాటరీ మార్చే ముందు ఈ కొలత తప్పకుండా తీయించండి.

బ్యాటరీ కొసల దగ్గర తెల్లగానో పచ్చగానో ఉప్పులా పేరుకుని ఉంటే అదే దోషి కావచ్చు. తీగలు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఈ వరస ఎందుకంటే, బండి ఇనుప చట్రమంతా నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే పానా చట్రానికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. వంటసోడా కలిపిన వేడినీళ్లలో గుడ్డ ముంచి ఆ ఉప్పును తుడిచి, పూర్తిగా ఆరాక బిగించి, పైన కాస్త వ్యాజలైన్ రాయండి.

ఛార్జింగ్ పెట్టాలంటే బైకు బ్యాటరీల కోసం చేసిన ఛార్జరే వాడండి. మామూలు లెక్క ఏమిటంటే సామర్థ్యంలో పదో వంతు: 4 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.4 ఆంపియర్. తొందరపడి ఎక్కువ ఎక్కిస్తే వేడెక్కి ఉబ్బిపోతుంది.

బండిలో ఏ దీపమూ వెలగడం లేదు. తాళం తిప్పినా చలనం లేదు.

ఫ్యూజు చూడండి. బ్యాటరీ పక్కనే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, చాలా బండ్లలో అక్కడే ఒక అదనపు ఫ్యూజు కూడా పెట్టి ఇస్తారు. లోపలి తీగ తెగి ఉంటే అదే అంకె ఉన్న ఫ్యూజు వేయండి. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం, రాగితీగ చుట్టి పని కానిచ్చేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయవద్దు. ఫ్యూజు తెగడానికి ఒక కారణం ఉంటుంది. దాన్ని తెగనివ్వకపోతే తీగలే కాలతాయి, ఆ తీగల మీదే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే తెగితే ఎక్కడో తీగ ఒరుసుకుపోయింది, ఇక మెకానిక్‌కు చూపించాల్సిందే.

ఇంజను బాగానే తిరుగుతోంది, అందుకోవడం లేదు. కారణం ఎలా పట్టుకోవాలి?

ఇంజనుకు కావలసినవి పెట్రోలు, గాలి, నిప్పు, లోపల గట్టి ఒత్తిడి. వీటిలో ఏది అందడం లేదో ముక్కుతోనే సగం తెలుసుకోవచ్చు.

ఆరేడు కిక్కులు కొట్టాక సైలెన్సర్ వెనకా, ఇంజను పక్కనా వాసన చూడండి. పెట్రోలు ఘాటుగా కొడుతుంటే ఇంజనులోకి పెట్రోలు అందుతోంది, అవసరానికి మించి అందిందన్నమాట. ఏ వాసనా లేకపోతే పెట్రోలు దారిలో ఎక్కడో ఆగింది. కార్బొరేటర్ బండైతే దాని కింది గిన్నెకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కింద గాజు సీసా పెట్టి ఆ స్క్రూ కాస్త వదులు చేస్తే పెట్రోలు కారాలి. చుక్క కూడా రాకపోతే ట్యాప్, పైపు, ట్యాంకు మూత చూడండి. వచ్చిన పెట్రోలు అడుగున నీటి బుడగలో, తుప్పు రేణువులో కనిపిస్తే సంగతి అక్కడే తేలిపోతుంది.

కిక్ కొట్టేటప్పుడు కాలికి తగిలే బిగువును కూడా గమనించండి. రోజూ ఉండే బిగువు లేకుండా కిక్ రాడ్డు మెత్తగా జారిపోతుంటే లోపల ఒత్తిడి పోయింది. వాల్వు సరిగా మూసుకోకపోవడమో, పిస్టన్ రింగులు అరిగిపోవడమో జరిగి ఉంటుంది. అది ఇంటి ముందు తేలే పని కాదు.

చోక్ ఎప్పుడు వెయ్యాలి? వేస్తే ఇంకా మొండికేస్తోంది.

చోక్ అంటే ఇంజనుకు వెళ్లే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట. చల్లటి ఇంజనుకు, రాత్రంతా ఆగిన తర్వాత మొదటిసారికి చోక్ వెయ్యాలి. అందుకున్న అర నిమిషం, నిమిషంలోపు తీసేయాలి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండికో, పది నిమిషాల కిందట నడిపిన బండికో చోక్ వేస్తే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడుస్తుంది. దీన్నే మన మెకానిక్‌లు ఓవర్‌ఫ్లో అయిందంటారు.

అలా అయితే చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ఏడెనిమిది కిక్కులు కొట్టండి. గాలి ఎక్కువగా వెళ్లి లోపలి తడిని బయటికి నెడుతుంది. అందుకోగానే యాక్సిలరేటర్ వదలండి. అప్పటికీ కాకపోతే పావుగంట వదిలేసి, టీ తాగి రండి. ఈ పావుగంట ఆగలేక బండిని తోసుకుంటూ షాపుకు తీసుకెళితే, చేరేసరికి తడి ఆరిపోయి మొదటి కిక్కుకే అందుకుంటుంది.

ప్లగ్గు నేనే తీయవచ్చా? తీసి ఏం చూడాలి?

తీయవచ్చు. బండితో వచ్చిన సంచిలోనే ప్లగ్ పానా ఉంటుంది. రెండు నియమాలు మాత్రం పాటించండి. ఇంజను చల్లగా ఉండాలి, తీసే ముందు ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊది, తుడవాలి. ఆ మట్టి లోపల పడితే సిలిండరును గీస్తుంది.

బయటికి తీసిన ప్లగ్గు ఇంజను ఆరోగ్యం గురించి చాలా చెబుతుంది. కొస కాఫీపొడి రంగులో పొడిగా ఉంటే అంతా బాగుంది. నల్లగా, వేలికి అంటే మసితో ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోంది లేదా గాలి ఫిల్టర్ పూడిపోయింది. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే పెట్రోలు చాలడం లేదు. జిడ్డుగా, నల్లని నూనెతో మెరుస్తుంటే ఇంజను ఆయిలు పైకి వస్తోంది. తడిగా పెట్రోలు వాసన వేస్తుంటే, పెట్రోలు వస్తోంది, నిప్పు రావడం లేదని అర్థం.

కార్బొరేటర్ బండ్లకు నిప్పు పరీక్ష ఇలా చేయవచ్చు. ప్లగ్గును తిరిగి తీగ కొసనున్న దాని క్యాపులో పెట్టి, దాని లోహపు ఒడలు ఇంజనుకు గట్టిగా తగిలేలా ఉంచండి. ప్లగ్గు తీసిన రంధ్రానికి మాత్రం దూరంగా ఉండాలి, ఎందుకంటే కిక్ కొట్టగానే అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. చేత్తో పట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. నీడలో నిలబడి కిక్ కొడితే నీలిరంగు రవ్వ టప్ టప్ మంటూ కనిపించాలి. పసుపుగా, బలహీనంగా ఉన్నా, అసలు లేకపోయినా ముందు కొత్త ప్లగ్గు వేసి చూడండి. మార్చే సామాన్లలో చౌకైన వాటిలో అదొకటి. ఇంజెక్షన్ బండ్లకు ఈ పరీక్ష చేయవద్దు. ప్లగ్గు ఇంజనుకు సరిగా తగలకపోతే ఆ వోల్టేజి వెళ్లి ఈసీయూ, అంటే ఇంజనును నడిపించే చిన్న కంప్యూటర్, దెబ్బతినవచ్చు.

ప్లగ్గు కొసల మధ్య సందు చాలా చిన్న బండ్లలో 0.7, 0.8 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, మీ బండికి ఎంతో పుస్తకంలో రాసి ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లన్నీ చేత్తోనే తిప్పండి. పానాతో మొదలుపెడితే మర తప్పుతుంది. ప్లగ్గు ధర ఎంతో చెప్పనక్కరలేదు, మర పోయిన సిలిండర్ హెడ్ బాగు చేయించే ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

మా బండి బీఎస్ 6. దానికీ ఇవే సూత్రాలా?

బీఎస్ 6 అంటే భారత్ స్టేజ్ 6, బండి పొగకు సంబంధించిన కాలుష్య నిబంధనలు; ఇవి 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి వచ్చిన బండ్లలో ఎక్కువ భాగానికి కార్బొరేటర్ బదులు ఇంజెక్టరు, ట్యాంకులో పంపు, అన్నిటినీ చూసుకునే ఈసీయూ ఉన్నాయి. చోక్ లేదు. కొన్నిటికి కిక్ కూడా లేదు.

తాళం తిప్పి, ఎర్ర స్విచ్ ఆన్ చేసి, చెవి రిక్కించి వినండి. చాలా బండ్లలో సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లపాటు సన్నని జుమ్మనే చప్పుడు వస్తుంది. అది పంపు పైపులోకి పెట్రోలును నెట్టే చప్పుడు. అది ఆగిన తర్వాతే సెల్ఫ్ నొక్కండి. రోజూ వినబడే ఆ చప్పుడు ఈరోజు లేకపోతే పంపు, దాని ఫ్యూజు, స్విచ్, లేదా బ్యాటరీ అనుమానించాలి. ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఆరకుండా ఉన్నా, లెక్కపెట్టినట్టు మిణుకుతున్నా ఫోనులో వీడియో తీసుకోండి. ఆ మిణుకుల లెక్కలోనే కొన్ని బండ్లు లోపం ఏమిటో చెబుతాయి.

ఒక అలవాటు మానుకోమని అందరినీ బతిమాలుతుంటాను. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడపకండి. పంపు చల్లబడేది దాని చుట్టూ ఉన్న పెట్రోలుతోనే. యాభై రూపాయల పెట్రోలుతో రోజులు నెట్టుకొచ్చే ఇంజెక్షన్ బండి పంపు ఏదో ఒక రోజు కాలిపోతుంది.

బండి రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇదేం రోగం?

ఈ రోగంతోనే నాన్న బండి మమ్మల్ని ఒక వేసవంతా తిప్పింది. ప్లగ్గు మార్చారు, కార్బొరేటర్ విప్పి కడిగారు, కాయిల్ కూడా మార్చారు. ప్రతిసారీ షాపు ముందు చక్కగా స్టార్ట్ అయ్యేది, ఊరు దాటి చెరువు గట్టు ఎక్కగానే ఆగిపోయేది. ఒకరోజు ఆ గట్టు మీదే నిలబడి, పెట్రోలు ఉందో లేదో చూద్దామని మూత తిప్పాను. ఉస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. మూత పెట్టి కిక్ కొడితే మొదటి దెబ్బకే అందుకుంది.

ట్యాంకు మూతకు సన్నని గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి వెళ్లాలి. అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. మా మూతలో దుమ్ము, బండి కడిగిన సబ్బు కలిసి గట్టి పెచ్చు కట్టాయి. సన్నని తీగతో గుచ్చి, పెట్రోలుతో కడిగితే అయిపోయింది. ఇప్పుడు ఎవరు ఈ సమస్య చెప్పినా ముందు మూత తెరిచి చప్పుడు వినమంటాను.

నెలల తరబడి మూలపడేసిన బండి. దుబాయ్ నుంచి వచ్చి తీస్తే కదలడం లేదు.

గల్ఫ్ నుంచి ఏడాదికోసారి ఇంటికి వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. బ్యాటరీ దిగిపోయి ఉంటుందని ఎటూ తెలుసు. అసలు చిక్కు పెట్రోలుతో. నిలవ ఉన్న పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది కార్బొరేటర్‌లోని వెంట్రుక సందులాంటి జెట్లలో జిగురులా పట్టేస్తుంది. పైగా ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు పెట్రోలు వెళ్లేది ఆ అడుగు నుంచే.

కాబట్టి పాత పెట్రోలు పూర్తిగా తీయించి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి, కొత్త పెట్రోలు రెండు లీటర్లు పోసి ప్రయత్నించండి. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగవద్దు. ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆసుపత్రి పాలవుతారు. అప్పటికీ చోక్ వేస్తేనే నడుస్తూ, తీయగానే ఆగిపోతుంటే జెట్లు మూసుకున్నట్టే, కార్బొరేటర్ కడిగించాలి. వెళ్లేటప్పుడు కార్బొరేటర్ బండైతే ట్యాప్ మూసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి వెళ్లండి.

అలా మూలపడ్డ బండికి గాలి ఫిల్టర్ డబ్బా కూడా విప్పి చూడండి. ఎలుకలు అక్కడ గుడ్డపీలికలతో గూడు కట్టి, పక్కనున్న తీగలు కొరికి పెడతాయి. సన్నని పైపుల మూతుల్లో కందిరీగలు మట్టి కూరుతాయి.

తోసి స్టార్ట్ చేయవచ్చా?

గేర్ల బైకైతే చేయవచ్చు. తాళం తిప్పి ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ పట్టి, బండి పరుగందుకున్నాక క్లచ్ వదిలి, అందుకోగానే మళ్లీ పట్టుకోవాలి. మొదటి గేరులో చేస్తే చక్రం జారుతుంది. గేర్లు లేని స్కూటర్‌ను ఎంత తోసినా లాభం లేదు, ఇంజను తిరగనిదే దాని క్లచ్ చక్రంతో కలవదు. ఇంజెక్షన్ బైకు బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే అదీ స్టార్ట్ కాదు, పంపుకూ ఈసీయూకూ కరెంటు కావాలి.

వానలో తడిసిన బండి పొద్దున స్టార్ట్ కావడం లేదు.

ప్లగ్ క్యాపు లాగి లోపలా బయటా పొడి గుడ్డతో తుడవండి, దానికి వెళ్లే లావు తీగను కూడా. సాధారణంగా సరిపోతుంది.

వరద నీటిలో మునిగింది. నీళ్లు తగ్గాయి, ఇప్పుడు స్టార్ట్ చేసి చూడవచ్చా?

వద్దు. తాళం కూడా తిప్పవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు వేలకొద్దీ బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి బండిని నీళ్లు తీయకుండా స్టార్ట్ చేయబోతే మొదటికే మోసం వస్తుంది. పెట్రోలు ఆవిరిలా నీరు ఒత్తితే కుదించుకుపోదు. సిలిండరులో నీరుండగా సెల్ఫ్ నొక్కితే పిస్టన్ దాన్ని కుదించలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పటిదాకా కడిగితే బాగుపడే ఇంజను అక్కడితో పూర్తిగా పాడవుతుంది.

బ్యాటరీ తీగలు విప్పండి. మునిగిన బండి ఫొటోలు నీటి మట్టం కనిపించేలా తీసి, సమగ్ర బీమా ఉంటే ముందు బీమా కంపెనీకి తెలియజేయండి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రం గుండా నీరు బయటికి పోయేలా కిక్‌తో మెల్లగా తిప్పించాలి. ఆయిలు మజ్జిగలా తెల్లగా కనిపిస్తే నీరు కలిసింది, దాన్ని తీసి కొత్తది పోసి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి. ట్యాంకు, ఫిల్టర్, సైలెన్సర్ అన్నీ ఖాళీ చేయాలి. ఈ పని మెకానిక్ చేతుల మీదుగా జరగడమే మంచిది.

పెట్రోలు ఉంది, ప్లగ్గు కొత్తది, బ్యాటరీ బాగుంది. అయినా రోజూ పొద్దున ముప్పై కిక్కులు కావాలి.

ట్యాపెట్ సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే ఖాళీ, చూపించండి. వాల్వు, అది కూర్చునే పీట అరుగుతున్న కొద్దీ ఆ సందు తగ్గిపోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు, ఒత్తిడి కారిపోతుంది. చిన్న బైకుల్లో ఆ సందు మిల్లీమీటరులో పదో వంతు, లేదా అంతకంటే తక్కువ. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. అందుకని సాయంత్రమే బండి షాపులో వదిలి, పొద్దున్నే చేయమని అడగండి. నడిపించుకుని వెళ్లి, వేడిగా ఉండగా చేయించుకుంటే ఆ కొలత సరిగా రాదు.

మెకానిక్‌ను పిలిస్తే ఏం చెప్పాలి?

"స్టార్ట్ కావడం లేదు" అని మాత్రమే చెబితే మొదటి నుంచీ వెతుక్కోవాలి. సెల్ఫ్ తిరుగుతోందా, టిక్ మంటోందా, మౌనంగా ఉందా? పెట్రోలు వాసన వస్తోందా? తీసిన ప్లగ్గు ఏ రంగులో ఉంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? చివరిసారి పెట్రోలు ఎప్పుడు పోయించారు, ఈ మధ్య ఏ సామాను మార్చారు, బండి తడిసిందా, పడిందా? ఇవి ఒక కాగితం మీద రాసి, తీసిన పాత ప్లగ్గును కూడా జేబులో వేసుకుని వెళ్లండి. మార్చిన ప్రతి సామాను పాతది తిరిగి ఇమ్మని ముందే చెప్పండి.

పెట్రోలు ట్యాంకు కింద తడి కనిపించినా, తీగలు కాలిన వాసన వచ్చినా, కిక్ రాడ్డు అసలు దిగకుండా బిగుసుకుపోయినా ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా నేరుగా అతన్నే పిలవండి.